పడటం నేర్చుకున్న పెద్దమనిషి

ఈ మధ్య అమలాపురంలో బ్యాంకు పని చూసుకుని బయటికొస్తే మెట్ల పక్కన ఒక మోటారు సైకిలు ఆపి ఉంది. నీళ్ళలో నిలబడ్డ కొంగలా పొడుగ్గా ఉంది. ముందు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య నా చేతిసంచీ దూరేంత ఖాళీ. పొగగొట్టం పైకెత్తి బిగించారు. వెనక సామాన్లు కట్టుకోవడానికి ఇనప చట్రం. నేను చుట్టూ తిరిగి చూస్తూంటే బండి తాలూకు యువకుడు వచ్చాడు.

"ఏం బండి బాబూ ఇది?"

"అడ్వెంచర్ బండండీ. రోడ్డు లేనిచోట కూడా పోద్దండి. ఇలాంటివి మనవైపు ఇప్పుడిప్పుడే వస్తున్నాయండి."

"ఇప్పుడు కాదు. మా ఊళ్ళో 1998లోనే ఒకటి ఉండేది."

అతను మర్యాదగా నవ్వాడు. నేను సంవత్సరాలు తప్పు చెప్పే మనిషిని కానని అతనికి తెలియదు. బరువెంతని అడిగాను. నూట యాభై కిలోలకి పైనేనన్నాడు. అయితే ఆయన దీన్ని కొనేవారు కాదు, అనుకుని ఆటో ఎక్కాను.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మాకు బంధువు కాదు. దడికి అటువైపు ఇల్లు వాళ్ళది, ఇటువైపు ఇల్లు నాది. నేను రామచంద్రపురంలో లెక్కల టీచరుగా రిటైరై సొంత ఊరికొచ్చింది 1996 జూన్‌లో. వచ్చిన మర్నాడే ఆయన దడి దగ్గర నిలబడి "చెల్లెమ్మా, ఏమన్నా కావాలంటే కేకెయ్యండి" అన్నారు. అప్పటినుంచీ ఆయన నాకు అన్నయ్యగారు, వాళ్ళావిడ వదినగారు. పొడుగ్గా, సన్నగా, మోకాళ్ళ కిందికి పంచె. ఎడమ కాలు కాస్త ఈడుస్తారు. వరి, కొబ్బరి ఉన్న కుటుంబం. చేతికింద మనుషులకి లోటు లేదు.

ఆయనకో అలవాటుండేది. ఏ వస్తువు కనబడినా ముందు ఎత్తి చూసేవారు. పనసకాయ, బియ్యం మూట, చుట్టాలొచ్చి అరుగుమీద పెట్టిన పెట్టె, ఎవరింట్లోనన్నా కూర్చోమని వేసిన కుర్చీ. ఎత్తి, ఒక క్షణం గాలిలో ఉంచి, కిందపెట్టి "ఏడున్నర" అనో "పదకొండు" అనో అనుకునేవారు. నాకు ఇది వింతగా ఉండేది. అంచనా అంటే నేను నమ్మను. ఒకసారి ఆయన "తొమ్మిది" అన్న పనసకాయని కిరాణా కొట్టుకి పంపించి తూయించాను. తొమ్మిది కిలోల రెండు వందల గ్రాములు. ఆయనకి చెబితే గర్వపడలేదు. "పొద్దున్న కోసిందండి, జిగురు కారాక మళ్ళీ తూయించండి" అన్నారు.

ఇంకొకటి బస్సులో గమనించాను. కొత్తపేట పెళ్ళికి వెళుతూ ఆయనా వదినగారూ ముందు సీట్లో, నేను వాళ్ళ పక్క వరసలో. ఆయన ఎడమ చెయ్యి మోకాలిమీద ఉంది. ఉండుండి ఆ చేతివేళ్ళు నాలుగూ ఒక్కసారిగా ముడుచుకుని, మెల్లగా విడుతున్నాయి.

"ఏంటన్నయ్యగారూ, చెయ్యి లాగుతోందా?"

"ఆయ్. కొంచెం వాతం అండి."

ఆ వాతం డ్రైవరు గేరు మార్చినప్పుడే వస్తోందని, ఆ వేళ్ళు లేని మోటారు సైకిలు క్లచ్చిని నొక్కుతున్నాయని కనిపెట్టడానికి నాకు కొత్తపేట దాకా పట్టలేదు. ఆ మాట పైకి అనలేదు. వదినగారు పక్కనే ఉన్నారు కాబట్టి.

ఆయన ఎక్కడికి వెళ్ళినా ఎవరో ఒకరి బండి వెనక కూర్చుని వెళ్ళేవారు. అల్లుడో, మేనల్లుడో, కొబ్బరి వ్యాపారో. ఒకరోజు అలా దిగి వస్తూ దడి దగ్గర ఆగి అన్నారు: "వెనక కూచుంటే లోకమంతా ఎవడో ఒకడి వీపేనండి చెల్లెమ్మా. ఇవాళ గళ్ళ చొక్కా చూసేను."

1998 జనవరిలో ఆయన బండి కొంటానన్నారు. అప్పటికి ఆయనకి యాభై తొమ్మిది. వదినగారు మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు నా దగ్గరికొచ్చి, "వదినగారూ, మీరు కూడా రండి. ఆయన ఏ గుర్రాన్ని కొనేస్తారో" అన్నారు. ముగ్గురం అమలాపురం దుకాణానికి వెళ్ళాం.

దుకాణం గుమస్తా మైలేజీ గురించి చెప్పడం మొదలెట్టాడు. అన్నయ్యగారు విన్నట్టే తల ఊపుతూ వెళ్ళి ఒక బండి వెనక చట్రం పట్టుకుని చక్రం నేలమీంచి లేపారు. దించారు. ముందుకొచ్చి హ్యాండిలు పట్టుకుని లేపారు. దించారు. పక్క బండి దగ్గరికి వెళ్ళారు.

"బాబుగారూ, ఒక్కసారి స్టార్టు చేసి చూపించమంటారాండీ?"

"వద్దండి. దీన్ని ఒకసారి పడుకోబెట్టచ్చా అండీ?"

గుమస్తాకి అర్థం కాలేదు. "ఏంటండీ?"

"నేలమీద పక్కకి పడుకోబెట్టి, లేపి చూస్తానండి."

"కొత్త బండండీ బాబూ!" అని గుమస్తా రెండు చేతులూ బండికి అడ్డం పెట్టాడు. లోపల్నుంచి యజమాని వచ్చాడు. కూల్‌డ్రింకులు తెప్పించాడు. ఇంజను గురించి చెప్పాడు, రంగుల గురించి చెప్పాడు. పడుకోబెట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు. వదినగారు నా చెవిలో, "బండి కొనడానికొచ్చేరా, జబ్బుమనిషిని చూడ్డానికొచ్చేరా?" అన్నారు.

చివరికి ముమ్మిడివరంలో ఒక మెకానిక్కు పడుకోబెట్టనిచ్చాడు. రొయ్యల చెరువుల మీద కాపలా చూసే సూపర్‌వైజరు గట్లమీద తిరిగి తిరిగి అమ్మేసిన బండి అది. చిన్నది, సన్నది, టూ స్ట్రోకు. దానికి కొత్తగా తగిలే గాయమేమీ మిగల్లేదు. అన్నయ్యగారు షెడ్డులో దాన్ని పక్కకి వాల్చారు, లేపారు. అటువైపు వాల్చారు, లేపారు. మొహం మీద చెమట తుడుచుకుని "తొంభై ఆరు" అన్నారు. నాకు నమ్మకం కుదరక దారిలో రైసుమిల్లు దగ్గర ఆపించి కాటా మీద పెట్టించాను. తొంభై ఎనిమిది. షెడ్డులో లేపాక టాంకులో పెట్రోలు పోయించామని ఆయన గుర్తుచేశారు.

మెకానిక్కుతో చెప్పి ముందు మడ్‌గార్డు జానెడు పైకి ఎత్తించారు. వానలో మన ఒండ్రుమట్టి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ఇరుక్కుని బండిని కదలనివ్వదట. కాలవనీళ్ళు పోకుండా పొగగొట్టం పైకి తిప్పించారు. పెట్టె కట్టుకోవడానికి వెనక ఇనప చట్రం వేయించారు. అప్పుడా అవతారానికి పేరేమీ లేదు. ఊళ్ళో వాళ్ళు "బాబుగారి మిడత" అనేవారు.

బండికి బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిన రోజున వదినగారు అందరి ముందూ అన్నారు: "పడ్డారని ఒక్కసారి నా చెవిన పడిందంటే, మర్నాడే దీన్ని ముమ్మిడివరం తోలించేస్తాను. మళ్ళీ బండి మాటెత్తకూడదు. వదినగారే సాక్షి."

"ఆయ్" అన్నారు అన్నయ్యగారు. నిమ్మకాయలు నలిగాయి.

ఆ వారంలోనే ఒక పొద్దున్న నేను పువ్వులు కోసుకుంటూ దడి సందులోంచి చూస్తే, వాళ్ళ కొబ్బరితోటలో బండి పక్కకి పడి ఉంది. దానికింద అన్నయ్యగారు. నా చేతిలో సజ్జ జారిపోయింది. కేకేద్దామని నోరు తెరిచేలోపు ఆయన కాలు బయటికి లాక్కుని లేచారు. పంచె దులుపుకుని, బండికి వీపు తిప్పి, సీటుకి నడుం ఆనించి గొంతుక్కూర్చున్నారు. ఒక చెయ్యి హ్యాండిలుకీ, ఒక చెయ్యి వెనక చట్రానికీ వేశారు. చేతులతో లాగలేదు. కాళ్ళతో నేలని తన్నుతూ చిన్న చిన్న అడుగులు వెనక్కి వేశారు. బండి ఆయన వీపుమీదుగా లేచి నిలబడింది. స్టాండు వేసి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ దాన్ని మెల్లగా వాల్చి కిందికి దూరారు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కింద ఎండు కొబ్బరాకులు పరుచుకున్నారు. నాకు తోచిన కారణాలన్నీ ఆలోచించాను. వ్యాయామమా? బండిలో ఏదన్నా లోపమా? మతి చలించిందా? ఏదీ సరిపడలేదు. ఐదోరోజు పువ్వుల సజ్జ పక్కనపెట్టి అడిగేశాను.

"అన్నయ్యగారూ, ఇన్ని రోజుల్నుంచీ చూస్తున్నాను. ఏంటండీ ఇది?"

ఆయన బండి కిందనుంచే తలెత్తారు. "పడటం నేర్చుకుంటున్నానండి చెల్లెమ్మా."

"నడపటం కదా నేర్చుకోవాలి?"

"అది మర్చిపోలేదండి. అప్పుడు కూడా నాకు రానిది ఇదే."

అప్పుడు చెప్పారు. 1974లో ఆయనకో పెద్ద బండి ఉండేదట. దాని చప్పుడు రెండూళ్ళ అవతలికి వినిపించేదట. దాన్ని పడుకోబెట్టి లేపగల మనిషి ఊళ్ళో లేడని అదో గొప్ప. వానాకాలం, కాలవగట్టు మీద జారి ఎడమకాలు దానికింద పడింది. వేడి పొగగొట్టం పిక్కకి ఆనుకుని ఉంది. ఆయన చేతులకి బండి అందుతోంది, కదలట్లేదు. గడ్డికోసుకుని వచ్చే ఆడవాళ్ళు చూసి కేకలేస్తే ఆరుగురు మగవాళ్ళు వచ్చి లేపారు. మంచంమీద ఇంటికి మోసుకొచ్చారు. ఆ తర్వాత బండి అమ్మేశారు.

"ఆ ఆరుగురూ మంచివాళ్ళండి. ఎక్కడ కనబడినా 'కాలెలాగుందండీ బాబుగారూ' అంటారు. ఇరవై నాలుగేళ్ళయింది. నొప్పి నేను మర్చిపోయేను, వాళ్ళు మర్చిపోలేదు." బండి పక్కన చతికిలబడి, ఎండాకు ముక్కతో హ్యాండిలుకి అంటిన మట్టి గీకుతూ అన్నారు: "బండి పడిపోద్దండి చెల్లెమ్మా. రెండు చక్రాలది పడకుండా ఎలాగుంటుంది? పడ్డదాన్ని నేను లేపుకోగలిగితేనే అది నాది. లేకపోతే లేపినవాళ్ళది."

"మరి వదినగారు పెట్టిన షరతో?"

"అదేనండి. జనం చూసేలోపల లేచిపోవాలి."

ఆయన భయం పడటం గురించి కాదని నాకు అప్పుడు తెలిసింది. మనవాళ్ళ సంగతి తెలిసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆయన గట్టుమీద బండి ఆపి మంచినీళ్ళు తాగుతుంటే సైకిలు మీద వెళ్ళేవాళ్ళు దిగిపోయేవారు. "ఏమైందండీ బాబుగారూ? పెట్రోలైపోయిందాండీ? తోస్తామండి." ఏమీ కాలేదంటే నమ్మరు. మొహమాటపడుతున్నారనుకుంటారు. ఒకసారి నిజంగానే వెనకనుంచి తోసేశారట, ఇంజను నడుస్తూండగా. ఇక పడితే చెప్పాలా? లేపడం ఒక్కటే కాదు, ఇంటికి తీసుకొస్తారు. ఇల్లు చేరేలోపు కబురు ఇంకోదారిన ముందే వచ్చేస్తుంది.

ఆ ఏడాదంతా ఆయన తిరిగారు. ఎక్కడికని అడిగితే ఊరి పేరు చెప్పేవారు కాదు. గట్టుమీంచి పక్కకి దిగే ప్రతి బాటా ఎక్కడిదాకా పోతుందో చూడాలని ఆయన కోరిక. అంతే. గోదావరి లంకల్లోకి, రాజోలు అవతల ఇసకపర్రల్లోకి, సరుగుడు తోటల్లోకి. సాయంత్రం దడి దగ్గర ఆగి చెప్పేవారు. ఒక బాట పాడైపోయిన ఇటుకబట్టీలో ఆగిందట. ఒకటి నీళ్ళలోకి దిగి అవతలి ఒడ్డున మళ్ళీ పైకి లేచిందట. "ఇవాళ్టిది ఒకళ్ళ వంటింటి గుమ్మంలో ఆగిందండి. వాళ్ళావిడ మజ్జిగిచ్చింది. ఇంగువ ఎక్కువేసింది."

పడ్డారా అని నేను అడిగేదాన్ని కాదు. పంచెమీద మట్టి ఏవైపుందో చూస్తే తెలిసిపోయేది. వదినగారు అడిగితే తెలిసిందే చెబుతాను. అడగనిది చెప్పే అలవాటు నాకు లేదు.

1999 ఫిబ్రవరిలో అప్పనపల్లిలో నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి గృహప్రవేశం. వైనతేయ పాయ మీద అప్పటికి అక్కడ వంతెన లేదు, పడవే. నేను పడవెక్కి కూర్చున్నాక అన్నయ్యగారు బండితో రేవులోకి దిగారు. అవతల రెండు బాటలు చూడవలసినవి ఉన్నాయట. బల్లమీదుగా ఇద్దరు పడవవాళ్ళు బండిని పైకి ఎక్కించారు. "ఎంత తేలికండీ బాబూ, మేకపిల్లలాగుంది" అన్నాడొకడు. అన్నయ్యగారికి అంత ఆనందం కలిగించిన మాట నేను ఇంకోటి వినలేదు.

అవతలి ఒడ్డున బండిని ముందు దించారు. రాత్రి మంచుకి ఏటవాలు బంకమట్టి నున్నగా ఉంది. ఆయన ఎక్కి, మెల్లగా పైకి పోనిచ్చారు. సగందూరం ఎక్కాక వెనక చక్రం పక్కకి జారింది. బండీ ఆయనా ఎడమవైపుకి పడ్డారు. కాలు కిందే ఉంది.

పడవలో పాతికమందికి పైగా ఉన్నాం. మగవాళ్ళందరూ ఒక్కసారే లేచారు. పడవ ఒక పక్కకి ఒరిగింది.

"ఎవరూ రావద్దు!" అని ఆయన అరిచారు.

చివర "అండి" లేకుండా ఆయన మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే. అయినా ఎవరూ ఆగలేదు. నేను బల్లకి దగ్గరగా ఉన్నాను. లేచి బల్లకి అడ్డంగా నిలబడి గొడుగు చాపాను.

"ఎక్కడివాళ్ళక్కడ నిలబడండి!"

ముప్పై నాలుగేళ్ళు క్లాసులో వాడిన గొంతు అది. నిలబడ్డారు. అందరికంటే ముందున్న కొబ్బరి వ్యాపారి తెల్లబోయి, "అదేంటి టీచరుగారండీ, పెద్దాయన పడిపోతే?" అన్నాడు.

"ఆయన వద్దంటున్నారు కదా."

"వద్దని మర్యాదకంటారండి. మనం లేపాలి!"

"మర్యాదకి కాదు. నిజంగానే వద్దంటున్నారు."

"అలాగెవరంటారండీ?" అన్నాడతను. వెటకారం కాదు, తెలుసుకోవాలనే అడిగాడు. నేను గొడుగు దించలేదు.

ఒడ్డున అన్నయ్యగారు ముందు పెట్రోలు ట్యాపు కట్టేశారు. కాలు లాక్కున్నారు. బండిని గేర్లో వేశారు, లేపుతుంటే దొర్లిపోకుండా. వీపు తిప్పి, సీటుకి నడుం ఆనించి కూర్చున్నారు. కాలు జారింది. చెప్పులు విప్పి పక్కకి విసిరి, మడమలు మట్టిలోకి దిగేసి మళ్ళీ కూర్చున్నారు. పడవలో అందరి చేతులూ గాల్లోనే ఉన్నాయి, ఆయనకి బదులు వీళ్ళే ఎత్తుతున్నట్టు. బండి లేచింది. ఆయన స్టాండు వేసి, ఒంటినిండా మట్టితో మావైపు తిరిగి, "ఆయ్, దిగండి" అన్నారు.

సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి వాళ్ళ అరుగు నిండా జనం. పరామర్శకొచ్చారు. పడవలో ఉన్నవాళ్ళు నలుగురు, పడవలో ఉన్నవాళ్ళు చెబితే విన్నవాళ్ళు నలుగురైదుగురు. ఒకరు అరటిపళ్ళ అత్తం తెచ్చారు, ఒకరు బొండాలు, ఒకావిడ కాలికి రాయడానికి కాచిన నూనె. అన్నయ్యగారు అప్పుడే వచ్చినట్టున్నారు, వాకిట్లో బండి పక్కన నిలబడి ఉన్నారు. వదినగారు గుమ్మంలో. నన్ను చూడగానే, "వదినగారూ, మీరు చెప్పండి. పడ్డారా?"

ఆయన నావైపు చూడలేదు. బండి హ్యాండిలుమీద మట్టి తుడుస్తున్నారు.

"పడ్డారు" అన్నాను.

"విన్నారా? రేపు పొద్దున్నే ముమ్మిడివరం కబురు పెడతాను."

"లేచేరు కూడా వదినగారూ. బండి ఆయనే లేపుకున్నారు."

"ఎవరు లేపేరు?"

"ఎవరూ లేపలేదు."

అరుగుమీద కొబ్బరి వ్యాపారి నొచ్చుకున్నాడు. "మేం లేపుదామనే దిగబోయేమండమ్మా. టీచరుగారే గొడుగడ్డం పెట్టేసేరండి."

వదినగారు నావైపు తిరిగారు. "మీరా? పడ్డ మనిషిని లేపనివ్వకుండా అడ్డం పడ్డారా?"

"పడ్డాను. ఆయన లేస్తారని నాకు తెలుసు కాబట్టి. మీరు పడుకుని లేచేలోపు ఆ కొబ్బరితోటలో ఏడాదిగా అదే పని చేస్తున్నారు. ఎన్నిసార్లు లేచారో నేను చూశాను. మీరు చూడలేదు."

ఆవిడ చూసింది 1974లో మంచంమీద మోసుకొచ్చిన మనిషిని. అది నేను చూడలేదు. ఇద్దరం వేరు వేరు మనుషుల గురించి మాట్లాడుతున్నామనిపించింది నాకు.

ఆవిడ గుమ్మంలోంచి అరుగుమీదికొచ్చి, "ఏదీ, నాకు చూపించమనండి" అన్నారు. ఆయన ఎదురుగానే ఉన్నా నాతోనే అన్నారు.

అన్నయ్యగారు బండిని వాకిట్లో వాల్చారు. పొద్దున్న పడ్డ కాలు వాచి ఉంది, అది నాకు కనబడుతోంది. ఎండలో రోజంతా తిరిగొచ్చిన మనిషి. వీపు ఆనించి కూర్చుని మొదలెట్టారు. బండి మోకాలెత్తు దాకా వచ్చింది. అక్కడ ఆయన కాలు వణికింది. బండి మళ్ళీ నేలమీదికి వెళ్ళిపోయింది. దాంతోపాటు ఆయన కూడా చతికిలబడ్డారు.

అరుగుమీద వాళ్ళందరూ లేచారు. నేను గొడుగు ఇంట్లో పెట్టి వచ్చేశాను. అయినా అది వాళ్ళ వాకిలి, నాకు అక్కడ గొంతెత్తే హక్కు లేదు. వదినగారు అందరికంటే ముందు మెట్లు దిగేశారు. వీధిలో ఎవరికేమైనా మొదట పరుగెత్తే మనిషి ఆవిడ. చెయ్యి చాపేసి, ఆయన భుజానికి జానెడు దూరంలో ఆగారు.

ఆయన ఆవిడవైపు తలెత్తి చూశారు. వద్దనలేదు. అంటే మర్యాదకన్నారనుకుంటారని కాబోలు. ఊరికే చూశారు.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని పమిట కొంగులో చుట్టుకున్నారు. వెనక దిగొస్తున్న వాళ్ళకేసి తిరిగి, "ముట్టుకోకండి" అన్నారు.

"అమ్మగారండీ..."

"ముట్టుకోవద్దని చెప్పేను కదా!"

ఆయన వెంటనే లేవలేదు. బండికి జారగిలబడి ఊపిరి కూడదీసుకున్నారు. కాలు చాపి ముడిచి చూసుకున్నారు. నూనె తెచ్చినావిడ గిన్నె పట్టుకుని అలాగే ఉంది. తర్వాత ఆయన మడమలు దగ్గరికి లాక్కుని, గట్టిగా ఒక ఊపిరి వదిలి, చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడిచారు. ఈసారి బండి మోకాలు దాటింది, నడుం దాటింది, నిలబడింది. స్టాండు వెయ్యడానికి మాత్రం కాలితో రెండుసార్లు వెతుక్కోవలసి వచ్చింది.

వదినగారు బండి చుట్టూ ఒకసారి తిరిగారు. దాన్ని ఆవిడ అంత దగ్గరగా చూడటం అదే మొదలనుకుంటాను. అరటిపళ్ళు తెచ్చిన ఆయన్ని, బొండాలు తెచ్చిన ఆయన్ని, నూనె ఆవిడని, అందరినీ వరసగా చూసి, "మీరంతా మంచివాళ్ళు. పనులు మానుకుని వచ్చేరు. ఇకనుంచి ఆయన పడితే నాకు చెప్పక్కర్లేదండి. లేవకపోతే చెప్పండి" అన్నారు. తర్వాత అందరికీ కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళిపోయారు.

ఆ మాట కూడా పడవకంటే వేగంగానే పాకింది. మనవాళ్ళకి దాన్ని పాటించడం ఎంత కష్టమయిందో నేను 2002లో కళ్ళారా చూశాను.

కొత్తపేట నుంచి వస్తున్నాను. వాన వెలిసింది. కాలవ పక్కన బస్సు ఆగింది. ఇంజను కూడా కట్టేశాడు డ్రైవరు. కిటికీలోంచి చూస్తే అవతలి గట్టు మీద అన్నయ్యగారు, బండి పడిపోయి ఉంది. ఆయనకి కాస్త దూరంలో గడ్డిమోపులు దించి ఇద్దరాడవాళ్ళు. ఇవతల సైకిళ్ళు దిగి ముగ్గురు. ఒక ట్రాక్టరు. ఎవరూ దగ్గరికి వెళ్ళలేదు. ఎవరూ వెళ్ళిపోనూ లేదు. చేతులు కట్టుకుని చూస్తున్నారు.

మా బస్సులో ప్యాంటు చొక్కా ఆయనెవరో, మనవైపు మనిషి కాడు, ఆదరాబాదరా లేచి తలుపు దగ్గరికి పోయాడు. "ఏంటయ్యా చోద్యం చూస్తున్నారు? ముసలాయన పడిపోయాడు, కనబడట్లేదా?"

"కూర్చోండి సార్" అన్నాడు కండక్టరు. "బాబుగారు లేస్తారండి."

"లేవకపోతే?"

"లేవకపోతే ఇంతమందిమీ ఉన్నాం కదండీ. అందుకే ఆపేం."

గట్టుమీద బండి నిలబడింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి కాలవ అవతలికి కేకేశాడు. "లేచేరాండీ బాబుగారూ?"

"ఆయ్, లేచేనండి!"

ఆడవాళ్ళు మోపులు ఎత్తుకున్నారు. సైకిళ్ళు కదిలాయి. బస్సు కదిలింది.